నీళ్ళు పోస్తే కనబడే నాయకుడు

"ఈ లారీ ఎందుకొచ్చిందే?"

ఆటో పూర్తిగా ఆగనైనా లేదు, దానయ్య నోట్లోంచి వచ్చిన మొదటి ప్రశ్న అది. దేవేంద్ర నగర్ చివర పాత బియ్యం గోదాము ముందు ఓ లారీ వెనక తలుపు దించుకుని నిలబడి ఉంది. నలుగురు హమాలీలు గుమ్మంలో కూర్చుని తీరిగ్గా ఖైనీ నలుపుకుంటున్నారు.

"సిల్తారా ఫేక్టరీదంట బాబాయ్," అంది ఆటోకి ఎదురొచ్చిన రమణమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "తమ్ముడు బొమ్మేసిన ఇనప రేకు ఒట్టుకెళ్ళిపోతారంట. సేఠు గారి సొత్తంట."

దానయ్యకి ఒళ్ళు మండిపోయింది. నేరం తెల్లవారుజామున జరిగింది, ఇంకా పొద్దు నడినెత్తికి రాలేదు, అప్పుడే సాక్ష్యాన్ని తరలించడానికి లారీ కట్టేశారన్నమాట! రైల్వే రక్షణ దళంలో ఉద్యోగమంతా గూడ్సు దొంగల వెంట పరిగెత్తి, రిటైరయ్యాక ఇంటి ముందు 'ప్రైవేటు డిటెక్టివ్' అని బోర్డు తగిలించుకున్న మనిషి ఆయన. రాయపూర్‌లో ఆ బోర్డు చూసి నవ్వినవాళ్ళే ఎక్కువ. అయినా రైల్వే కాలనీలో ఏ తెలుగింటికి కష్టమొచ్చినా ముందు తట్టేది ఆ తలుపే.

రమణమ్మకి వచ్చింది మామూలు కష్టం కాదు. ఆమె తమ్ముడు కొండలరావు బొమ్మలు వేసేవాడు. అతణ్ణి ఎవరో ఈ గోదాములోనే ఇనపకడ్డీతో తలమీద మోదారు. స్పృహ తప్పేముందు అతనన్నది ఒకే ఒక్క మాటట: "నీలా". ఆ మాట పట్టుకుని పోలీసులు రమణమ్మ మొగుడు నీలకంఠ్ సాహూని నిద్రమంచం మీంచి లేపి లాక్కుపోయారు. ఊరంతా అతణ్ణి పిలిచేది నీలా అనే. తమ్ముడు కన్ను తెరవకుండా పోతే మొగుడి మెడకి ఉరి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే కదా!

"తమ్ముడికెలాగుంది?"

"అలాగే ఉన్నాడు. నోట్లో సుక్క నీళ్ళు కూడా పొయ్యొద్దన్నాడు డాక్టరు. మింగలేడంట, ఊపిరితిత్తుల్లోకి పోతే పేనం పోద్దంట. రత్నం మావయ్య పక్కన కూకున్నాడు. నువ్వెళ్ళమ్మా, దానయ్య గారికి అంతా చూపించు, నానుంటాన్లే అన్నాడు. దేవుడిలాంటోడు బాబాయ్. ఆయన జీపులోనే వీణ్ణి హాస్పిటల్‌కి సేర్చినాడు, ఆయనే ఇంటికి ఫోను సేసి, నీలా అన్నాడని పోలీసులు అంటన్నారమ్మా అని సెప్పినాడు."

వెంకటరత్నం సిల్తారా ఫ్యాక్టరీలో లేబర్ ఆఫీసరు. తెలుగువాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళయినా చావయినా అందరికంటే ముందు వచ్చి నిలబడే మనిషి. పోనీలే, ఆసుపత్రి దగ్గరైనా ఓ దిక్కుందని దానయ్య మనసు కాస్త కుదుటపడింది.

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ దూబే ఎదురయ్యాడు. దానయ్యని చూడగానే మీసం కింద నవ్వు దాచుకున్నాడు.

"రండి రండి దానయ్యజీ! ఇక్కడ టికెట్ లేని ప్రయాణికులెవరూ దొరకలేదండీ," అన్నాడు హిందీలో.

"టికెట్ లేనివాళ్ళు ఇక్కడ లేరుగానీ బుర్ర లేనివాళ్ళు ఉన్నారేమోనని చూసిపోదామని వచ్చాను," దానయ్య కూడా హిందీలోనే అందుకున్నాడు. "ఆ లారీని ఎవరు రమ్మన్నారు?"

"ఫ్యాక్టరీవాళ్ళు. రేకు సేఠుగారిది. ఒకటో తారీకున, కొత్త రాష్ట్రం పుట్టే రోజున, సభలో పెట్టాలి. నాకు కావాల్సింది కడ్డీ, నేరస్తుడు. రెండూ దొరికాయి. రెండింటికి నీలాని కోర్టులో హాజరుపెడతాను. పన్నెండింటికి లారీ కదులుతుంది. ఈలోగా మీ సరదా తీర్చుకోండి."

లోపల ఒకటే వాసన, ఇనుముదీ యాసిడ్‌దీ. నేలమీద నెత్తుటి మరక చుట్టూ సుద్దగీత. దాని పక్కన ఒక ఇత్తడి చెంబు దొర్లి పడి ఉంది. ఎదురుగా గోడకి చేరగిలబెట్టి రెండు నిలువుల ఎత్తు ఇనప రేకు. దానిమీద ఏమీ లేదు! అద్దంలా తోమిపెట్టిన వట్టి రేకు. దాని పైఅంచు నుంచి హిందీలో రాసిన అట్ట ఒకటి వేలాడుతోంది: 'రాబోయే నాయకుడు. ముఖం చూడాలంటే నీళ్ళు పొయ్యండి.'

"ఇదీ మీ కుర్రాడి కళ," దూబే చెయ్యి ఊపాడు. "కొత్త రాష్ట్రంలో మా భయ్యాజీ మంత్రి కాబోతున్నాడు గదా, ఆయన బొమ్మ వెయ్యవయ్యా అని సేఠు వేలకి వేలు పోశాడు. ఇతగాడు చూడండి, ఏమీ లేని రేకు నిలబెట్టాడు. సభకొచ్చినవాళ్ళు తలా ఒక చెంబు నీళ్ళు పోస్తే తుప్పు పట్టి భయ్యాజీ ముఖం పైకొస్తుందట! జనం పోస్తేనే నాయకుడు పుడతాడట. రంగులు కొనడానికి బద్ధకమంటే పోలా?"

"నిజమే బాబాయ్," రమణమ్మ మెల్లగా అంది. "ఇంట్లో నా అట్లపెనం మీద అలాగే సేసినాడు. గోళ్ళరంగుతో ఏదో గీసి ఉప్పునీళ్ళు సల్లినాడు. రంగున్న సోట తెల్లగా ఉండిపోయింది, లేని సోటల్లా తుప్పట్టి ఇనాయకుడు కనబడ్డాడు. అట్లు పాడైపోనాయని నాను తిట్టినాను గూడా."

దానయ్య రేకు దగ్గరికి వెళ్ళి, తల పక్కకి వాల్చి, అంచు వెంబడి చూసుకుంటూ పోయాడు. కుడివైపు అంచున, మనిషి చెయ్యెత్తితే అందేచోట, కొంచెం మేర ఎర్రగా తుప్పు పట్టి ఉంది.

"అదేమిటి?"

"తుప్పు," అన్నాడు దూబే. "ఇనుముకి బంగారం పడుతుందా మరి?"

"చెవి," అన్నాడు దానయ్య. "సరిగ్గా చూడండి. మనిషి చెవి. చెవికి పోగు. మీ భయ్యాజీ చెవులకి పోగులున్నాయా?"

దూబే ఠక్కున గోడవైపు తిరిగాడు. అక్కడ భయ్యాజీ రంగుల పోస్టరు అంటించి ఉంది, రెండు చేతులూ జోడించి, రెండు చెవులూ చూపిస్తూ. పోగుల్లేవు, కనీసం చిల్లులైనా లేవు.

"అయితే ఏమిటి? కళాకారుడు గదా, ముచ్చటపడి పెట్టుంటాడు."

"ఎవరో ముందుగానే ఒక చెంబు నీళ్ళు పోసి చూశారు దూబేజీ. పోసినవాడికి ఈ చెవి కనబడింది. ఆ తర్వాతే కడ్డీ లేచింది." దానయ్య వంగి నేల చూశాడు. రేకు ముందునుంచి వెనక గుమ్మందాకా సిమెంటు మీద ఏదో బరువైంది ఈడ్చిన గీత ఉంది. దాని వెంబడే వెళ్ళాడు. గుమ్మం అవతల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము బోర్లా పడి ఉంది. చుట్టూ నేల ఆరిపోయి తెల్లటి ఉప్పు పేరుకుంది. "ఇది కొండలరావు కలిపిపెట్టుకున్న ఉప్పునీళ్ళు. కొట్టి పారిపోయేవాడు నిండు డ్రమ్ముని బయటిదాకా ఈడ్చి మరీ ఒంపుతాడా? వాడికి మనిషి నోరు ఒక్కటి మూస్తే చాలలేదు. ఈ రేకు నోరు కూడా మూయాలి."

దూబే మొహంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. వెంటనే సర్దుకున్నాడు.

"ఇవన్నీ సినిమాల్లో బావుంటాయి. అసలు సంగతి వినండి. నిన్న సాయంత్రం ఇదే గుమ్మంలో బావా బావమరుదులు కాలరు పట్టుకున్నారు. వీధంతా చూసింది. కాదంటారా అమ్మా?"

రమణమ్మ తల దించుకుంది. దానయ్యకి అడక్క తప్పదు, అడిగాడు.

"నిజం సెప్పు తల్లీ. ఎందుకు దెబ్బలాడుకున్నారు?"

"ఆయన యూనియన్ మనిషి గదా బాబాయ్. సేఠు డబ్బు తిని భయ్యాజీ బొమ్మ ఏస్తావా, నీకు సిగ్గు లేదా అన్నాడు. తమ్ముడేమో ఒకటే నవ్వు. ఒకటో తారీకుదాకా ఆగు బావా, నువ్వే నా కాళ్ళకి దణ్ణం ఎడతావు అన్నాడు. దాంతో ఈయనకి ఇంకా తిక్కరేగిపోనాది." ఆమె కొంగు వేలికి చుట్టుకుంది. "రేతిరి ఈయన ఇంట్లోనే ఉన్నాడు. నా పక్కనే. కానీ పెళ్ళాం మాట ఎవుడు నమ్ముతాడు? తమ్ముడే పేరు సెప్పీసినాడంటన్నారు. నాకే ఒకోసారి..."

ఆ మాట పూర్తిచెయ్యలేక కొంగు నోట్లో కుక్కుకుంది. మొగుడి మీద అనుమానం రావడం కంటే నరకం ఆడదానికి ఇంకేముంటుంది?

అప్పుడు వెలిగింది దానయ్యకి.

"రమణమ్మా! నువ్వు కొండలరావుకి అక్కవి. వాడు నీ మొగుణ్ణి ఏమని పిలుస్తాడు?"

"బావా అనే."

"పేరెట్టి?"

"సీ! అదేటి మాట బాబాయ్! అక్క మొగుణ్ణి ఎవుడన్నా పేరెట్టి పిలుస్తాడా? పెళ్ళయి పదేళ్ళయింది, ఏనాడూ పిలవలేదు. పీక మీద కత్తెట్టినా బావనే అంటాడు."

దానయ్య దూబేవైపు తిరిగి అది హిందీలో చెప్పాడు. "మా ఇళ్ళల్లో ఇది రాసిపెట్టినట్టే ఉంటుంది. వాడు నీలకంఠ్ గురించి చెప్పదలుచుకుంటే బావ అనే అంటాడు. మీ కానిస్టేబులు చెవులకి నీలా అని వినబడిందేమో."

"చెవులు ఎవరివైతేనేం, మాట నీలానే," దూబే విసుక్కున్నాడు. "చచ్చేవాడు ఎదుటివాడికి అర్థమయ్యేట్టు చెబుతాడు. బావ అంటే మాకేం తెలుస్తుంది? పేరు చెబితేనే గదా తెలిసేది. బస్, అయిపోయింది. హమాలీలూ, లేవండి!"

హమాలీలు ఖైనీ దులుపుకుని లేచారు. ఇద్దరు తాళ్ళు విప్పడం మొదలుపెట్టారు. రేకు లారీ ఎక్కిందంటే సిల్తారా కొలిమిలో కరిగిపోవడానికి ఒక్క పూట చాలు. తర్వాత చెవీ లేదు, పోగూ లేదు, నీలకంఠ్‌కి దిక్కూ లేదు.

అంతలో రమణమ్మ తూలింది. పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి. గోడ పట్టుకుని మెల్లగా నేలమీద కూలబడింది.

"నీళ్ళు... బాబాయ్, కాసిని నీళ్ళు..."

దూబే చటుక్కున తిరిగాడు. "విన్నారా? ఈవిడ కూడా అదే అంటోంది! ఇప్పుడు నీలా పేరెందుకు తలుచుకుంటోంది?"

దానయ్య గిరుక్కున దూబేవైపు తిరిగాడు. ఓరి నాయనో! ఇంత సేపూ కళ్ళముందే ఉంది గదా!

"ఇన్‌స్పెక్టర్ సాబ్," అన్నాడు ఒక్కొక్క మాటే తూచినట్టు, "ఆవిడ మొగుణ్ణి పిలవలేదు. పానీ అడిగింది. తెలుగులో పానీని నీళ్ళు అంటాం."

"నీలు..." దూబే నోటితో అనుకుని చూశాడు. నాలుక తిరగలేదు. "నీలా, నీలు..." అతని మొహం ఎర్రబడింది. దిక్కులు చూశాడు, హమాలీలు నవ్వడం లేదని నిర్ధారించుకున్నాడు. "సరే, దాహమేసి పానీ అడిగాడనుకుందాం. అయినా తగువు తగువే, కడ్డీ కడ్డీయే."

"దాహం కాదు." దానయ్య అట్టవైపు వేలు చూపించాడు. "చదవండి. ముఖం చూడాలంటే నీళ్ళు పొయ్యండి. వాడు అన్నది అదే. నన్ను కొట్టినవాడెవడో తెలియాలంటే దీనిమీద నీళ్ళు పొయ్యండిరా అన్నాడు. నాకు ఒక్క అరగంట ఇవ్వండి. ఏమీ కనబడకపోతే మా ఇంటి ముందు బోర్డు పీకి మీ ఠాణా ముందు పెడతాను, మీ కానిస్టేబుళ్ళు దానిమీద కూర్చుని బీడీలు కాల్చుకోవచ్చు."

బోర్డు మాటకి దూబే మీసం కదిలింది. గడియారం చూసుకున్నాడు. "అరగంట. ఆ తర్వాత లారీ కదులుతుంది."

పక్కింటి కుళాయి నుంచి బకెట్లతో నీళ్ళు వచ్చాయి. వీధి చివర కిరాణా కొట్టు నుంచి ఉప్పు వచ్చింది. మొదటి చెంబు రమణమ్మ చేతికే ఇచ్చి తాగమన్నాడు దానయ్య. రెండో చెంబు ఉప్పు కలిపి రేకు మీద నిలువునా పోశాడు. మూడోది, నాలుగోది. నీళ్ళు జారిపోయాయి. రేకు తడిసిన అద్దంలా మెరిసింది, అంతే.

ఏమీ రాలేదు.

బయట లారీ డ్రైవరు హారను కొట్టాడు. దూబే బూటు నేలమీద టకటకలాడించసాగాడు. దానయ్య చేతులు వెనక్కి కట్టుకున్నాడు. గోళ్ళరంగు అట్లపెనం మీద పనిచేసింది గదా, ఇక్కడెందుకు రాదు? తెలివితక్కువగా తొందరపడ్డాడా? లేకపోతే ఆ కుర్రాడు నిజంగా భయ్యాజీ ముఖమే వేశాడా? అదే జరిగితే రెండింటికి నీలకంఠ్ కోర్టులో ఉంటాడు.

"బాబాయ్," రమణమ్మ లేచి నిలబడింది. "కన్ను!"

ముందు పసుపు, తర్వాత నారింజ, ఆపైన ఎరుపు. రేకు లోపల్నుంచి ఎవరో పైకి ఈదుకొస్తున్నట్టు ఒక కన్ను తేలింది, తర్వాత రెండోది. ముక్కు. బక్కచిక్కిన దవడ. చెవి అప్పటికే అక్కడుంది, పోగుతో సహా. దూబే పోస్టరువైపు ఒకసారీ, రేకువైపు ఒకసారీ చూశాడు. భయ్యాజీ బుగ్గల్లో సగం కూడా లేవు ఆ ముఖానికి.

"ఎవరిది?" అన్నాడు గొంతు తగ్గించి.

రమణమ్మ రెండు చేతులతో నెత్తి పట్టుకుంది. "ఒలమ్మో! బంగారయ్య మావ! సిల్తారాలో కొలిమి పని సేసీవోడు బాబాయ్. మొన్న వర్షాకాలంలో కనబడకుండా పోనాడు గదా! అడ్వాన్సు తీసుకుని సీకాకుళం ఎళ్ళిపోనాడన్నారు. అక్కడికీ పోలేదు. ఆల ఆవిడ కోటమ్మ ఇప్పటికీ గేటు కాడ కూకుంటాది."

ముఖం కింద ఇంకా ఏదో పైకొస్తోంది. గీతలు, సున్నాలు, తలకట్లు. తెలుగు అక్షరాలు! దానయ్య కూడబలుక్కుని చదివాడు.

"ఏముంది? ఏం రాశాడు?" దూబే తొందరపెట్టాడు. ఆ గోదాములో అతనొక్కడే చదువుకున్నవాడయ్యీ చదవలేనివాడు.

"'నన్ను ఏ రైలు ఎక్కించారు?'" దానయ్య హిందీలోకి మార్చి చెప్పాడు. చెబుతూనే రమణమ్మవైపు తిరిగాడు. "బంగారయ్యని రైలెక్కించినామని ఎవరన్నారే?"

"రత్నం మావయ్యే... నా సేతుల్తో నానే టేసన్లో రైలెక్కించినాను, ఏడవకు కోటమ్మా అన్నాడు. కాలనీ అంతా నమ్మీసినాం."

ఒకటో తారీకున సభలో, సేఠు ముందు, భయ్యాజీ ముందు, జనం తలా ఒక చెంబు పోస్తూంటే ఈ ముఖం లేచి ఈ ప్రశ్న అడిగి ఉండేది. అదీ కొండలరావు నవ్వు. రైలెక్కనివాడు కొలిమిలోనే కాలిపోయుంటాడు. ఆ మనిషిని నాయకుణ్ణి చేసి నిలబెట్టాలనుకున్నాడు పిచ్చి సన్నాసి. బావకి కూడా చెప్పకుండా కడుపులో దాచుకున్నాడు.

దూబే టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇప్పుడతని గొంతులో వెటకారం లేదు. "మనిషి చచ్చిపోతే దాచారన్నమాట. దానయ్యజీ, నేను ఒప్పుకుంటాను. కానీ ఆ మాట విషయంలో ఎవరి తప్పూ లేదు. పానీకి మీ మాట అంత దగ్గరగా ఉంటే..."

"మీ కానిస్టేబులు తప్పు నేను పట్టనండీ. హిందీ చెవి, పాపం..."

"కానిస్టేబులా?" దూబే కనుబొమలు ముడిపడ్డాయి. "మేం ఆసుపత్రికి చేరేసరికే కుర్రాడికి స్పృహ లేదు. మావాళ్ళెవరూ ఏమీ వినలేదు. నోటి దగ్గర చెవిపెట్టి విన్నది మీ తెలుగాయనే. కళ్ళనీళ్ళతో బయటికొచ్చి, 'నీలా, నీలా అంటున్నాడు సాబ్, సొంత బావ పేరే చెబుతున్నాడు' అన్నాడు. ఆ లేబర్ ఆఫీసరు."

దానయ్య ఆ మాటని మనసులో మళ్ళీ ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

దూబేకి నీళ్ళు నీలాగా వినబడొచ్చు. హమాలీకి వినబడొచ్చు. ఈ రాయపూర్‌లో ఎవడికైనా వినబడొచ్చు. తెలుగమ్మ కడుపున పుట్టి, తెలుగు కూలీల మధ్య తలపండిన వెంకటరత్నానికి నీళ్ళు అన్న మాట ఎలా వినబడుతుంది? నీళ్ళుగానే వినబడుతుంది. వినే, తిప్పేశాడు. హిందీవాడు ఎలా పొరబడతాడో తెలిసిన తెలుగువాడే ఆ అబద్ధం ఆడగలడు. ఇంటికి ఫోను చేసినప్పుడు మాత్రం 'పోలీసులు అంటున్నారమ్మా' అన్నాడు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పొద్దుటినుంచి ఆ దొంగనే దేవుడనుకుని మురిసిపోయాడు తను!

"జీపు తియ్యండి," అన్నాడు దానయ్య. "దూబేజీ, జీపు! కొండలరావు పక్కన కూర్చున్నది వాడే!"

దూబే మరో మాట అడగలేదు. గుమ్మంవైపు పరిగెత్తుతూనే డ్రైవరుని కేకేశాడు. దానయ్య రమణమ్మ చెయ్యి పట్టుకుని లాగాడు. ఆమె కదలలేదు. రేకు మీద బంగారయ్య ముఖాన్నే చూస్తోంది. ఉప్పునీళ్ళు ఆ కళ్ళ కిందనుంచి ఇంకా కారుతున్నాయి.

"రా తల్లీ! నువ్వు వచ్చీటప్పుడు ఆ రత్నం ఏం సేస్తన్నాడు? ఒంటరిగా ఉన్నాడా?"

రమణమ్మ తలతిప్పి ఆయనవైపు చూసింది.

"నర్సుని గ్లాసుడు నీళ్ళు అడగతన్నాడు బాబాయ్," అంది. "తనకే అనుకున్నాను."